ఎడమ బుగ్గ

ఫిబ్రవరి 3

సముద్రం మీద తేలే మా నురగవాడలో ఈ రోజు జరిగినవి మూడు. తాగే నీళ్లలోంచి ఉప్పు తీసే యంత్రం నాలుగు గంటలు ఆగింది. రెండో వంతెన దగ్గర తాడు తెగితే మార్చారు. బడిలో మధ్యాహ్న భోజనం తింటుండగా తొమ్మిదో తరగతి పిల్ల సింధు పన్ను విరిగింది.

మొదటి రెండూ గోడ మీదికి ఎక్కించాను. నురగవాడకు పేపరంటే వంటశాల పక్కనున్న ఆ గోడే. పొద్దున్నే రాస్తాను, సాయంత్రం తుడిచేస్తాను. గోడకు ఎక్కించలేనివి ఈ పుస్తకంలో పెడతాను. మూడోది ఇందులోకే వచ్చింది, ఎందుకంటే దానికి కారణం ఎవరికీ తెలియదు.

సింధు కొరికింది రాయి కాదు, ఉడికిన చేప. విరిగిన పన్ను లోపల నల్లగా, మెత్తగా ఉంది. టీచరుకు అదేమిటో అర్థం కాలేదు. ఆమె వయసు ఇరవై నాలుగు. పుచ్చిన పన్నును ఆమె ఎప్పుడూ చూడలేదు.

చూడకపోవడంలో వింత లేదు. ఇక్కడి పిల్లలకు మూడో ఏట పళ్లకు పూత వేస్తారు. అది సజీవమైన పూత. నోట్లోనే పెరుగుతుంది, అరిగితే మళ్లీ అల్లుకుంటుంది. నలభై ఐదేళ్లుగా నురగవాడలో ఎవరూ బ్రష్‌తో పళ్లు తోముకోలేదు. ఊరి దుకాణంలో వలలు కుట్టే సూదులు పదకొండు రకాలు దొరుకుతాయి. పళ్లు తోముకునే బ్రష్ ఒక్కటీ దొరకదు.

డాక్టర్ షమీమ్‌ను అడిగాను.

"పూత పాడై ఉండాలి. నమూనా ఒడ్డుకు పంపాను," అంది. "పాడైతే మాత్రం అందరికీ పాడైనట్టే."

ఫిబ్రవరి 5

పదమూడు నుంచి పదిహేడేళ్ల వాళ్లంతా నోళ్లు చూపించుకోవాలని డాక్టర్ కబురు పెట్టింది. ఆ వయసు వాళ్లు నలభై ముగ్గురు. వచ్చింది ఇరవై నలుగురు. వాళ్లలో పళ్లు పుచ్చింది సింధుకు ఒక్కదానికే.

రాని పందొమ్మిది మంది పేర్లు రాసుకున్నాను. అందరూ దిగుడు నేర్చుకుంటున్న వాళ్లే.

ఈ ఊరు తినేది నాచు, అమ్మేదీ నాచే. అది ఊరి అడుగున తాళ్లకు వేలాడుతూ పన్నెండు నుంచి ఇరవై మీటర్ల లోతు వరకు పెరుగుతుంది. గాలి గొట్టం కొసను పళ్ల మధ్య కరిచిపట్టుకుని దిగి దాన్ని కోసేవాళ్లను దిగుడోళ్లు అంటారు. పదిహేనో ఏట పరీక్ష ఉంటుంది. ఈసారి ఫిబ్రవరి 20న.

దిగుడోళ్ల జాబితాకు ఎర్రచుక్క అనే నియమం ఉంది. పంటినొప్పి ఉందని తేలితే పేరు పక్కన ఎర్రచుక్క పెడతారు, రెండేళ్లు దిగనివ్వరు. ఇది ఊరికే పెట్టిన నియమం కాదు. పుచ్చిన పంటిలో గాలి ఇరుక్కుంటే లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడికి నొప్పి భరించలేనంత అవుతుంది. తొమ్మిదేళ్ల కిందట ఒడ్డు నుంచి వచ్చిన ఒక దిగుడు మనిషి పద్నాలుగు మీటర్ల దగ్గర ఆ నొప్పికి నోరు తెరిచాడు. గొట్టం జారిపోయింది. మనిషి దక్కలేదు.

నియమం మంచిదే. కానీ దానివల్ల పందొమ్మిది నోళ్లు మూసుకున్నాయి.

ఫిబ్రవరి 7

దిగుడోళ్లు నీళ్లలోకి దిగే బల్ల దగ్గర హైమను చూశాను. చోడిపల్లి హైమకు పదిహేనేళ్లు. ఈ ఏటి వాళ్లలో ఎక్కువసేపు కింద ఉండగలిగేది ఆ పిల్లేనని నేర్పే ఎల్లాజీ చెబుతాడు. అందరూ చల్లనీళ్లు గటగటా తాగుతున్నారు. హైమ మాత్రం తలను కుడివైపు వంచి తాగింది. జొన్నరొట్టె కూడా కుడివైపే నమిలింది.

బల్ల ఖాళీ అయ్యాక వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఎన్నాళ్లనుంచి?"

"ఏటి ఎన్నాళ్లు?"

"ఎడమవైపు నమలడం మానేసి."

"ఏటి పేపరమ్మా, గోడ మీద రాయడానికి ఏటీ దొరకనేదా? నా మూతిని చూస్తన్నావు."

"దొరక్కే వచ్చాను."

నవ్వబోయి బుగ్గ పట్టుకుంది. 

"మూడు నెల్లు," అంది. "సెప్పకు పేపరమ్మా. ఎర్రచుక్క ఎట్టేస్తారు. రెండేళ్లంటే నాకు పదిహేడు దాటిపోతాది. దాటినోళ్లని తీసుకోరు. ఇంక జన్మలో దిగనివ్వరు."

లెక్క సరిగ్గానే వేసుకుంది. ఆ పిల్లకు ఎర్రచుక్క అంటే రెండేళ్లు కాదు, శాశ్వతం.

"గోడ మీద రాయను. కానీ పదిహేనో తారీఖులోగా నువ్వు డాక్టర్ దగ్గరికి వెళ్లకపోతే నేను వెళ్తాను. ఆ నోటితో నిన్ను ఇరవయ్యో తారీఖున దిగనివ్వను."

"నువ్వెవులివి నన్ను ఆపడానికి? మా అమ్మవా?"

"కాను. చూసినదాన్ని."

లేచి వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 9

ఒడ్డు నుంచి జవాబు వచ్చింది. సింధు నోటి నుంచి తీసిన పూతలో ఏ లోపమూ లేదట. ఆ ఏడాది పూత వేయించుకున్న మిగతా పిల్లల నమూనాలతో పోల్చి మరీ చెప్పారు.

"పూత బాగుండి పన్ను పుచ్చడమేమిటి?" అంది డాక్టర్ షమీమ్. ఆమె ఇక్కడ పదేళ్లుగా వైద్యం చేస్తోంది. చేపముల్లు గుచ్చుకోవడం, చెవిపోటు, కాన్పులు ఆమెకు కొట్టిన పిండి. పళ్ల గురించి చదివింది తప్ప చూసింది తక్కువ.

ఫిబ్రవరి 11

పొద్దున సాధన. హైమ దిగిన ఆరో నిమిషంలో తాడు రెండుసార్లు లాగింది. పైకి వస్తున్నానని దానికి అర్థం. తొందరపడకుండా, ఆగాల్సిన చోట్ల ఆగుతూ పైకి వచ్చింది. బల్ల మీదికి ఎక్కేదాకా గొట్టం వదల్లేదు. ముఖం పాలిపోయింది.

"ఏటైందే గుంటా?" అన్నాడు ఎల్లాజీ.

"సెవి మావా."

"ఏ సెవి?"

"ఎడంది."

ఎల్లాజీ చెవిలోకి చూశాడు. ఇంక పొమ్మన్నాడు. నేను చూస్తున్నానని హైమకు తెలుసు.  పదిహేనో తారీఖుకు ఇంకా నాలుగు రోజులున్నాయి.

మధ్యాహ్నం మూడింటికి నా గది తలుపు కొట్టింది.

"పదకొండు మీటర్ల కాడ," అంది. "నోరు తెరిసేద్దునేమో అనిపించింది పేపరమ్మా. ఒక్క సణం. పద, డాక్టరమ్మ కాడికి. నానొక్కదాన్నే ఎల్లలేను."

డాక్టర్ షమీమ్ అద్దం పెట్టి చూసి, లెక్కపెట్టి చెప్పింది. నాలుగు పళ్లు. కింద రెండు, పైన రెండు. మూడింటిలో పుచ్చు పైపైనే ఉంది. కింది దవడ పంటిలో లోతుగా ఉంది, కానీ నరం దాకా పోలేదు. శుభ్రం చేసి పూడ్చితే పన్ను నిలుస్తుంది.

"నియమం ప్రకారం నేను ఊరి పెద్దలకు రాయాలి హైమా," అంది డాక్టర్.

"తెలుసు. రాయండి. నొప్పి తీసేయండి ముందు."

సూది గుచ్చేటప్పుడు నా మణికట్టు పట్టుకుంది. గోళ్ల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.

డాక్టర్ రాసిన కాగితాన్ని నేను రెండోసారి చదివాను. నాలుగు పళ్లూ ఎడమవైపే. నాలుగింటికీ బుగ్గను ఆనుకునే వైపే పుచ్చింది. సింధు కాగితం తీయమన్నాను. విరిగింది ఎడమ దవడ పన్ను.

పూత పాడైతే నోరంతా పాడవ్వాలి. ఒక్క బుగ్గ వైపే ఎందుకు పాడైంది?

పెద్దలు కూర్చునేది పదిహేనున.

ఫిబ్రవరి 12

పొద్దున ఆరింటికే బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుని, కనిపించింది కనిపించినట్టు రాసుకున్నాను.

6.10: పిల్లలు నడుము బెల్టులు కట్టుకున్నారు. 6.20: ఎల్లాజీ గొట్టాలు పరీక్షించాడు. గొట్టం కుడి భుజం మీదుగా వచ్చి నోటికి కుడివైపు లాగుతుంది. 6.25: ఎల్లాజీ రేకు డబ్బా తెరిచి ఒక్కొక్కరి చేతిలో ఒక్కో తాటిబెల్లం బిళ్ల పెట్టాడు. అందరూ దాన్ని ఎడమ బుగ్గన పెట్టుకున్నారు. తర్వాత గొట్టం కరిచారు.

9.40: పైకి వచ్చారు. ఇంకో బిళ్ల తీసుకున్నారు. మళ్లీ దిగారు.

అంటే రోజుకు రెండు దిగుళ్లు, ఆరు గంటలకు పైన. గొట్టంలో వచ్చేది పొడి గాలి, అందుకని నోట్లో తడి ఉండదు. పంటిని కాపాడేది ఆ తడే. అది లేని నోట్లో, ఒకే చోట, ఆరు గంటలు బెల్లం. లోపం లేని పూత కూడా దానికి నిలవదు.

ఎల్లాజీకి యాభై ఎనిమిదేళ్లు. ఆయనతో మాట్లాడాలంటే పని అయ్యేదాకా ఆగాలి. ఆగాను.

"ఈ బిళ్లలు ఎప్పటినుంచి ఇస్తున్నారు?"

"మూడేళ్లయిపోనాది. ఏం?"

"ఎందుకు మొదలుపెట్టారు?"

"పొద్దున్నే ఏటీ తినకుండా వచ్చేస్తారు. ఒక గుంట నీటిలోనే కళ్లు తిరిగి ఏలాడిపోనాది. నానే మోసుకొచ్చినాను. ఆ దినం నుంచి నా సేతుల్తో ఎడతన్నాను. బుగ్గన ఎట్టుకుంటే ఓపికుంటాది, నోరు ఎండదు." నా పుస్తకం వైపు చూశాడు. "నువ్వేటి రాస్తన్నావు?"

తన పళ్ల గురించి చెప్పడానికి హైమ నన్ను అనుమతించింది. చెప్పాను. సింధు గురించీ చెప్పాను. సింధు దిగదు, కానీ వాళ్లక్క దిగుతుంది. అక్కకు బెల్లం పడదు. తన బిళ్లలు రోజూ చెల్లెలికిచ్చేది, చెల్లెలు దిగుడోళ్లను చూసి ఎడమ బుగ్గనే పెట్టుకునేది.

"నా బెల్లం వల్లంటావా?"

"నాకు కనిపించింది చెబుతున్నాను. మీరు చెడు చెయ్యాలని ఇవ్వలేదు."

"నాను పిల్లలకి ఇషం ఎడతానేటి! ఎల్లిపో పేపరమ్మా. గోడ మీద రాసుకుంటావో, గంగలో కలుపుకుంటావో!"

డబ్బా మూత గట్టిగా మూశాడు. నేను కదల్లేదు. అంతలోనే మళ్లీ తెరిచి అందులోకి చూశాడు.

"మిగిలినోళ్లకి కూడానా?" అన్నాడు.

"తెలీదు. వాళ్లు నోరు తెరవరు. మీ జాబితాకు భయపడి."

సాయంత్రం హైమ మామ్మ కాసులమ్మను కలిశాను. ఇరవై ఆరేళ్లు దిగి మానేసిన మనిషి. పూత ఎరగని తరం. అయినా డెబ్భై ఏళ్లకు నోట్లో ఇరవై తొమ్మిది పళ్లున్నాయి. నేనే లెక్కపెట్టాను.

"మీ కాలంలో నోరు ఎండిపోయేది కాదా?"

"ఎండకేటి. కరక్కాయ ముక్క ఎట్టుకునేవోళ్లం. వగరుకి నోరు ఊరిపోయేది. బెల్లం ఎట్టుకుని నీటిలో దిగడమేటమ్మా, పెళ్లికెల్తన్నారేటి?"

"మరి ఆకలి?"

"గంట ముందు అంబలి తాగిపోయేవోళ్లం. మా మామ్మ తాగకుండా కదలనిచ్చేది కాదు. ఆ గుంట్లని లేపి పోసేవోళ్లు ఎవులున్నారిప్పుడు? అందరమ్మలూ నాచు కాడే గదా."

కరక్కాయలు ఒడ్డు నుంచి రావడం ఐదేళ్ల కిందట ఆగిపోయిందట. కావాలని ఎవరూ అడగలేదు.

ఫిబ్రవరి 15

పెద్దలు వంటశాలలో కూర్చున్నారు. తొమ్మిది మంది. హైమ పేరు పక్కన ఎర్రచుక్క పెట్టడం నాలుగో అంశం. ఆ పిల్ల వెనక బల్ల మీద కాసులమ్మ పక్కన కూర్చుంది.

డాక్టర్ షమీమ్ వివరం చదివింది. పూడ్చిన పన్ను గట్టిపడ్డాక, ఒత్తిడి గదిలో పరీక్షించి నొప్పి లేదని తేలితే దిగడానికి అడ్డు లేదని చెప్పింది. ఒత్తిడి గది అంటే దిగుడోళ్ల కోసం ఊళ్లో ఉన్న ఇనుప గదే. అందులో కూర్చోబెట్టి, ఊపిరికి ఇబ్బంది లేకుండా, ఇరవై మీటర్ల లోతులో ఉండే ఒత్తిడి కలిగించవచ్చు.

"నియమం అంటే నియమమే. ఒక మనిషి పోయాడు," అన్నారు పెద్దల్లో ఒకరు.

అప్పుడు ఎల్లాజీ లేచాడు. ఆయన సమావేశాల్లో మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"ఆ మనిషిని పైకి తీసింది నానే," అన్నాడు. "ఆడికి నొప్పి నెలనుంచీ ఉన్నాదంట. సెప్పలేదు. సెప్తే కూడు పోతాదని సెప్పలేదు. అప్పటికి ఎర్రచుక్క నేదు, ఊరికే పంపేసేవోళ్లం. ఆడు పోయాక మనమేటి సేసినాం? దాన్నే నియమం సేసి రాసుకున్నాం. సెప్పినోడికి సిచ్చ. సెప్పనోడికి పరీచ్చ."

వెంట తెచ్చిన రేకు డబ్బాను పెద్దల ముందు పెట్టాడు.

"బెల్లం ఎట్టింది నాను. సుక్క ఎట్టాలంటే నా పేరు పక్కన ఎట్టండి. ఈ గుంట పదకొండు మీటర్ల కాడ నొప్పొచ్చినా గొట్టం వదల్నేదు. దాన్నా తీసేత్తారు?"

ఓటు వేశారు. ఆరుగురు అవునన్నారు, ముగ్గురు వద్దన్నారు. కొత్త నియమం మూడు వాక్యాలు. నొప్పి ఉందని చెప్పినవాళ్లు వైద్యం అయ్యేదాకా ఆగుతారు, పేరు మాత్రం పోదు. నొప్పి దాచి దిగినవాళ్ల పేరు పోతుంది. జంటగా దిగేవాళ్లు, గొట్టాలు చూసుకున్నట్టే దిగేముందు ఒకరి నోరు ఒకరు చూడాలి.

పరీక్ష మార్చికి వాయిదా పడింది.

ఫిబ్రవరి 16

ఉదయం ఎనిమిదింటికి ఆస్పత్రి ముందు పద్దెనిమిది మంది. ఒకరినొకరు చూసుకుని "నీకూనా?" "నీకెన్ని?" అనుకుంటూ నిలబడ్డారు. ఐదు పుచ్చులున్న పిల్ల తనదే ఎక్కువని గర్వంగా చెప్పుకుంది.

హైమతో కలిపి పందొమ్మిది మందిలో పద్నాలుగు మందికి పుచ్చులున్నాయి. అన్నీ ఎడమవైపే. లేని ఐదుగురిలో నలుగురు కిందటి నెలలోనే చేరారు. ఐదోది సింధు అక్క.

పీకాల్సినవి రెండే. మిగతావన్నీ నిలుస్తాయి. గోడ మీద ఈ అంకెలు పెద్దగా రాశాను, పేర్లు లేకుండా.

ఫిబ్రవరి 22

పడవలో బ్రష్‌లు వచ్చాయి. అరవై. పేస్టు కూడా. కరక్కాయలు ఒక బస్తా. బ్రష్ వాడడం తెలిసినవాళ్లు ఊళ్లో ఆరుగురం. అందరికంటే చిన్నదాన్నని నన్ను ముందుకు తోశారు. నాకు యాభై మూడు.

బడి వరండాలో తోమి చూపించాను. నురగ రాగానే వెనకనుంచి ఒకరు అరిచారు.

"ఒలమ్మో, పేపరమ్మ సబ్బు మింగేసింది!"

నవ్వులు ఆగడానికి సమయం పట్టింది. తర్వాత తలా ఒకటి తీసుకున్నారు. సగం మంది నాచు తాడును రుద్దినట్టు అడ్డంగా రుద్దారు. అలా కాదని, చిగుళ్ల అంచున ఆనించి చిన్న చిన్న చుట్లుగా తిప్పాలని డాక్టర్ షమీమ్ ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని చూపించింది. ముందు పళ్లు వెనకనుంచి కూడా, దవడ పళ్లు మూడు వైపుల నుంచి. పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. నురగ ఉమ్మేశాక నీళ్లతో పుక్కిలించొద్దని, పేస్టు కాస్త పంటి మీద నిలిస్తేనే పని చేస్తుందని చెప్పింది.

"ఎంతసేపు డాక్టరమ్మా?"

"రెండు నిమిషాలు."

వీళ్లెవరూ నిమిషాల్లో లెక్కపెట్టరు. కింద గడియారం చూడరు, ఊపిరి లెక్కపెడతారు. హైమ లెక్క కట్టి చెప్పింది.

"నిదానంగా ఇరవై నాలుగు ఊపిర్లు. అయ్యేదాకా ఎవులూ ఆపకండి."

వరండాలో నలభై మందికి పైగా ముక్కుతో ఊపిరి లెక్కపెట్టుకుంటూ తోముకున్నారు. నోరు మూసుకుని పని చేయడం వీళ్లకు మనకన్నా బాగా వచ్చు.

బల్ల దగ్గర ఇప్పుడు ఉదయం ఐదున్నరకు అంబలి పోస్తున్నారు. వంటశాల పంపుతుంది. పోసేది కాసులమ్మ. తాగనివాళ్లను ఆమె బెల్టు కట్టుకోనివ్వదు.

మార్చి 8

ఒత్తిడి గదిలో హైమ నలభై నిమిషాలు కూర్చుంది. అద్దంలోంచి చూశాను. ఇరవై మీటర్ల గుర్తు దగ్గర బొటనవేలు పైకెత్తింది. బుగ్గ పట్టుకోలేదు.

మార్చి 12

పరీక్ష. గాలి తక్కువ, నీళ్లు తేటగా ఉన్నాయి. పరీక్షలో పిల్లకు జంటగా దిగేది నేర్పినవాడే. ముప్ఫై ఏళ్లుగా అది ఎల్లాజీ పని. మొదటి పేరు హైమది.

గొట్టాలు చూసుకున్నారు. బెల్టులు చూసుకున్నారు. హైమ నోరు తెరిచింది. ఎల్లాజీ చిన్న దీపం వేసి నాలుగు పూడ్పులూ చూసి "బాగున్నాది" అన్నాడు. గొట్టం చేతిలోకి తీసుకున్నాడు.

"మావా," అంది హైమ. "నువ్వు కూడా తెరవాలి."



"నాదేటి సూస్తావే. నీ అయ్యకి దిగుడు నేర్పినోడిని."

"జంటలో ఒకరినొకరు అని గదా రాసినారు."

ఎల్లాజీ పరీక్ష చూడడానికి వచ్చిన పెద్దల వైపు చూశాడు. ఎవరూ సాయానికి రాలేదు. నోరు తెరిచాడు. హైమ దీపం పెట్టి చూసింది, చాలాసేపు. దీపం ఆర్పి నీళ్ల వైపు చూసింది. ఆ పిల్ల ఏం లెక్క వేసుకుంటోందో నాకు అర్థమైంది. ఎల్లాజీ దిగకపోతే ఈ రోజు పరీక్ష లేదు. పరీక్ష పెట్టడానికి ఊళ్లో ఇంకొకరు లేరు. బాగుందని అంటే ఐదు నిమిషాల్లో తను నీళ్లలో ఉంటుంది. అది చూసింది ఆ పిల్లొక్కతే.

"ఎడంవైపు, కింద," అంది హైమ. "నల్లగా ఉన్నాది మావా. నొప్పుందా?"

ఎల్లాజీ నోరు మూసి గొట్టం సర్దుకున్నాడు.

"మావా. నొప్పుందా?"

"సల్లనీళ్లు తగిల్తే," అన్నాడు.

నొప్పి దాచి దిగితే పేరు పోతుందన్న వాక్యం ఆయన ముందే ఓటుకు వచ్చింది, ఆ తర్వాత ఆయన దిగబోవడం ఇదే మొదలు. ఆయన నడుము బెల్టు విప్పి బల్ల మీద పెట్టాడు. 

"మీకు రుచి సూపించడానికి నానూ రోజూ ఒకటి ఏసుకునేవోణ్ణి గదా," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "రాసుకో పేపరమ్మా. ఈ దినం పరీచ్చ నేదు. ఎల్లాజీకి పన్ను పుచ్చింది. పేరుతో రాయి."

ఆస్పత్రి వైపు నడిచాడు. పిల్లలు దారి ఇచ్చారు.

"సూదొక్కటే నొప్పి మావా," అని హైమ వెనకనుంచి కేకేసింది. "పేపరమ్మ సెయ్యి పట్టుకో. గట్టిది."

మార్చి 13

గోడ మీద పేరుతోనే రాశాను. అది చూసి ఆస్పత్రి ముందు పెద్ద దిగుడోళ్లు పదకొండు మంది నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు.

ఏప్రిల్ 2

ఎల్లాజీ ఒత్తిడి గది పరీక్ష నిన్న పూర్తయింది. ఈ రోజు పొద్దున 6.50కి హైమ, ఎల్లాజీ ఒకరి నోరు ఒకరు చూసుకుని, ఆగిన పరీక్షకు దిగారు. పదిహేడు మీటర్ల దగ్గర మూడు తాళ్ల నాచు కోశారు. పైకి వచ్చింది 7.31కి. హైమ నెగ్గింది.

గొట్టం తీసి హైమ మొదట చల్లనీళ్లు అడిగింది. తల నిటారుగా పెట్టి చెంబెడూ తాగేసింది.